ఒకే కప్పు కింద రెండు గాలి యంత్రాలు: లివర్‌పూల్ సెయింట్ జార్జెస్ హాల్ పైప్ ఆర్గాన్‌పై కేస్ స్టడీ

భవనాలకు ఏసీ, వెంటిలేషన్ వ్యవస్థలు రూపొందించే ఇంజినీరుగా నేను పాత సభామందిరాల పని చేపట్టినప్పుడల్లా బృందంలోని కొత్తవారి ముందు మొదట పెట్టే కేసు ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరానికి చెందిన సెయింట్ జార్జెస్ హాల్‌ది. 1850ల మధ్య నాటికి ఆ భవనంలో గాలితో పనిచేసే రెండు భారీ యంత్రాలు ఒకే కప్పు కిందికి వచ్చాయి. ఒకటి, వేలమంది జనానికి ఉక్కపోయకుండా గాలిని శుభ్రం చేసి, కావలసినంత వెచ్చబెట్టి పంపే వెంటిలేషన్ వ్యవస్థ. రెండోది, గాలిని ఒత్తిడితో వేల గొట్టాల్లోకి పంపి సంగీతం పలికించే పైప్ ఆర్గాన్. మొదటిదాని చరిత్రను మా వృత్తివారు రాస్తారు, రెండోదాని చరిత్రను సంగీతజ్ఞులు రాస్తారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే తప్ప ఆ ఆర్గాన్‌కు 1855 నుంచి జరిగిన మార్పుల్లో ఏది అవసరమో, ఏది నష్టమో తేల్చలేమని నా నమ్మకం. ఈ కేసును ఆ కోణంలోనే ఇక్కడ వివరిస్తున్నాను.

భవనం, దాని గాలి

లివర్‌పూల్‌లో మూడేళ్లకోసారి జరిగే సంగీతోత్సవాలకు తగిన మందిరం లేదన్న కొరతతో 1830ల రెండో భాగంలో నగర ప్రముఖులు చందాలు పోగుచేయడం మొదలుపెట్టారు. అదే కాలంలో నగరానికి న్యాయస్థాన భవనమూ కావలసి వచ్చింది. రెండు పనులకూ విడివిడిగా పోటీలు పెడితే రెండింటిలోనూ హార్వీ లాన్స్‌డేల్ ఎల్మ్స్ అనే పాతికేళ్ల ఆర్కిటెక్టే నెగ్గాడు. చివరికి రెండు ప్రణాళికలను ఒకే భవనంగా కలిపారు. మధ్యలో మహామందిరం, దాని రెండు చివరలా కోర్టులు. క్షయవ్యాధితో ఎల్మ్స్ 1847లో జమైకాలో చనిపోయాడు. పైకప్పు కమాను బరువు తగ్గించేందుకు బోలు ఇటుకలు వాడి రాబర్ట్ రాలిన్సన్ నిర్మాణాన్ని ముందుకు నడపగా, లోపలి అలంకరణను చార్ల్స్ రాబర్ట్ కాకరెల్ పూర్తిచేశాడు. 1854 సెప్టెంబరులో భవనం ప్రారంభమైంది.

మహామందిరం పొడవు 169 అడుగులు, వెడల్పు 77 అడుగులు, ఎత్తు 82 అడుగులు. నేల మీద 30 వేలకు పైగా మింటన్ పలకలు, గోడల వెంట ఎర్ర గ్రానైటు స్తంభాలు, పైన అర్ధవృత్తపు కమాను ఉంటాయి. ఆ కొలతలు చూడగానే మా వృత్తిలో ఉన్న ఎవరికైనా రెండు సంగతులు తడతాయి. వేడిగాలి పైకి చేరుతుంది కాబట్టి నేల దగ్గరి ఉష్ణోగ్రతకూ కమాను కిందిదానికీ తేడా తప్పదు. కదలకుండా కూర్చున్న మనిషి ఒంటి నుంచి సుమారు 100 వాట్ల వేడి వెలువడుతుంది కాబట్టి, వెయ్యిమంది చేరితే హాలులో 100 కిలోవాట్ల హీటరు వెలిగించినట్టే. ఆ రోజుల్లో దానికి గ్యాసు దీపాల వేడి, వాటి నుంచి వచ్చే తేమ, గంధకపు వాయువులు కూడా తోడయ్యేవి.

ఈ సమస్యను ఎదుర్కొనే బాధ్యతను స్కాట్లండుకు చెందిన వైద్యుడు, రసాయన శాస్త్రజ్ఞుడు డేవిడ్ బాస్వెల్ రీడ్‌కు అప్పగించారు. లండన్ పార్లమెంటు భవనంలో అతడి పథకం ఆర్కిటెక్ట్ చార్ల్స్ బ్యారీతో వచ్చిన తగవుల మధ్య సగంలోనే నిలిచిపోయింది. లివర్‌పూల్‌లో మాత్రం అతడు అనుకున్నది దాదాపు అనుకున్నట్టే కట్టగలిగాడు. బయటి గాలి నిలువు సొరంగాల గుండా నేలమాళిగలోకి దిగేది. అక్కడ నీటి తుంపర్ల మీదుగా సాగి మసి, దుమ్ము వదిలించుకునేది. బాయిలర్ల నుంచి వచ్చే వేడినీటి గొట్టాల మధ్య వెచ్చబడి, పదేసి అడుగుల వెడల్పున్న నాలుగు ఫ్యాన్ల ఊపుతో పైన హాలులోకి, కోర్టుల్లోకి చేరేది. ఏ గదికి ఎంత గాలి వెళ్లాలన్నది మాళిగలో ఉండే పనివాళ్లు కాన్వాసు తెరలను తెరిచి మూస్తూ నియంత్రించేవారు. ఇప్పుడు డాంపర్లు (గాలి దారిని తెరిచి మూసే పలకలు), వాటి మోటార్లు, సెన్సర్లు చేసే పనిని అప్పుడు మనుషులు చేతులతో చేశారు. ఎయిర్ కండిషనింగ్ అన్న మాట పుట్టకముందే ఆ పని చేసిన తొలి ప్రజా భవనాల్లో ఒకటిగా మా వృత్తి దానిని గుర్తించింది. ఆ గుర్తింపుకు అది అన్ని విధాలా తగినది.

విల్లిస్, వెస్లీ, ఒక రాజీ

అటువంటి భవనంలో ఉత్తరపు చివర ఆర్గాన్ నిలబెట్టే పని హెన్రీ విల్లిస్‌కు దక్కింది. 1851లో లండన్ మహా ప్రదర్శనలో 70 స్టాపుల ఆర్గాన్ పెట్టి అతడు అందరి దృష్టినీ ఆకర్షించాడు. ఆ వాద్యాన్ని విని మెచ్చినవారిలో వించెస్టర్ కెథీడ్రల్ ఆర్గనిస్టు శామ్యూల్ సెబాస్టియన్ వెస్లీ ఒకడు. లివర్‌పూల్ ఆర్గాన్ నమూనా రూపొందించేందుకు నగరం సలహాదారుగా పెట్టుకున్నది అతడినే.

పద్యనాటకాల్లో హార్మోనియం చూసినవారికి పైప్ ఆర్గాన్ సూత్రం కొత్తగా అనిపించదు. తిత్తి గాలిని నింపుతుంది, పెట్టె దానిని ఒత్తిడితో నిలవ ఉంచుతుంది, మెట్టు నొక్కితే లోపల మూత తెరుచుకుంటుంది, గాలి బయటికి పోతూ స్వరాన్ని పలికిస్తుంది. హార్మోనియంలో మోగేవి చిన్న ఇత్తడి రీడ్లు. ఆర్గాన్‌లో ప్రతి స్వరానికీ, ప్రతి నాదపు తీరుకూ వేరు వేరు గొట్టం ఉంటుంది. ఒకే తీరు నాదమున్న గొట్టాల వరుసను పలికించే మీటను స్టాప్ అంటారు. సెయింట్ జార్జెస్ హాల్ ఆర్గాన్‌కు చేతులతో వాయించే కీబోర్డులు నాలుగు, కాళ్లతో వాయించే పెడల్ వరుస ఒకటి, పలికే స్టాపులు మొదట 100. గొట్టాల సంఖ్య ఇప్పుడు 7,737. చేతి గుప్పెట్లో ఇమిడిపోయే గొట్టాల నుంచి, సెకనుకు 16 సార్లు మాత్రమే కంపించే, చెవికన్నా ఒంటికే ఎక్కువగా తెలిసే 32 అడుగుల గొట్టాల వరకు అందులో ఉన్నాయి.

విల్లిస్‌కూ వెస్లీకీ రెండు విషయాల్లో పొత్తు కుదరలేదు. కీబోర్డులు అప్పటికి పాతబడిపోతున్న ఇంగ్లిష్ పద్ధతిలో జి స్వరం నుంచి మొదలై పై ఎ వరకు 63 మెట్లతో ఉండాలని వెస్లీ పట్టుబట్టాడు. శ్రుతి కూడా స్వరాల మధ్య దూరాలన్నీ సమానంగా ఉండే సమవిభజనలో కాకుండా, కొన్ని స్వరసంయోగాలు చాలా హాయిగా, కొన్ని కర్ణకఠోరంగా వినబడే అసమ విభజనలో ఉండాలన్నాడు. విల్లిస్‌కు రెండూ ఇష్టం లేవు. అయినా సలహాదారు మాటే నెగ్గింది. స్వరాలను సమానంగా పంచడం మీద ఇటువంటి వాదం మనకూ తెలిసినదే. ఆలిండియా రేడియో 1940లో హార్మోనియంను పక్కనపెట్టడం వెనుక ఉన్న అభ్యంతరాల్లో దాని స్థిర స్వరాలు ఒకటి. 1855 మే 29, 30 తేదీల్లో వెస్లీయే ఆర్గాన్‌ను ప్రారంభించాడు. ఆ తరువాత దాన్ని ప్రతి వారమూ వాయించాల్సిన బాధ్యత మాత్రం అతడిది కాదు. నగర ఆర్గనిస్టుగా నియమితుడైన విలియం థామస్ బెస్ట్‌ది.

మీట వెనుక పనిచేసే గాలి

ఈ కేసులో ఇంజినీరు ఎక్కువసేపు ఆగాల్సిన చోటు ఇది. ఆర్గాన్ తయారీదారులు గాలి ఒత్తిడిని అంగుళాల నీటిమట్టంలో కొలుస్తారు. మేమూ డక్టుల్లోని, అంటే భవనంలో గాలిని మోసే గొట్టాల్లోని ఒత్తిడిని ఆ కొలమానంలోనే చూస్తాం. సాధారణ ఆఫీసు భవనం డక్టులో అది ఒకటి రెండు అంగుళాలు మించదు. సెయింట్ జార్జెస్ హాల్‌లోని సోలో విభాగంలో (నాదాలను విడిగా, ప్రముఖంగా వినిపించే గొట్టాల భాగంలో) కొన్ని రీడ్ స్టాపులకు, అంటే లోహపు నాలుకతో మోగే గొట్టాల వరుసలకు మొదట ఇచ్చిన ఒత్తిడి 9½ అంగుళాలు. అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 24 గ్రాముల బలం. గొట్టం కింద గాలిని ఆపే మూత 20 చదరపు సెంటీమీటర్లని అనుకుంటే, ఆ ఒక్క స్వరం కోసమే వేలు దాదాపు అర కిలో బరువును తెరవాలి. స్టాపులు కలిపి, కీబోర్డులను ఒకదానితో ఒకటి జతచేస్తే ఆ బరువు ఎన్నో రెట్లవుతుంది. ఏ ఆర్గనిస్టు వేళ్లూ దానికి తట్టుకోలేవు.

దీనికి పరిష్కారం చార్ల్స్ స్పాక్‌మన్ బార్కర్ అనే ఆంగ్లేయుడు కనిపెట్టిన గాలి మీట. స్వదేశంలో ఆదరణ దొరక్క అతడు ఫ్రాన్సు వెళ్లాడు. అక్కడ 1841లో పూర్తయిన సెయింట్ డెనీ చర్చి ఆర్గాన్‌లో ఫ్రెంచ్ ఆర్గాన్ తయారీదారు కవయే కోల్ దాన్ని వాడాడు. దాని పని ఇలా ఉంటుంది. వేలు నొక్కే మెట్టు ఒక చిన్న కవాటాన్ని మాత్రమే తెరుస్తుంది. ఆ కవాటం గుండా ఒత్తిడితో ఉన్న గాలి ఒక చిన్న తిత్తిలోకి చేరుతుంది. తిత్తి ఉబ్బి, దానికి కట్టిన కడ్డీని లాగి, బరువైన మూతను తెరుస్తుంది. వేలు ఎత్తగానే తిత్తిలోని గాలి బయటికి పోయి అంతా యథాస్థితికి వస్తుంది. అంటే ఆర్గాన్‌లోని గాలి నాదాన్ని పుట్టించడమే కాకుండా, నాదం పుట్టించే యంత్రాన్నీ నడుపుతుంది. గాలి సరఫరాలో లోపం వస్తే స్వరం బలహీనపడటమే కాదు, మెట్టు కూడా ఆలస్యంగా పలుకుతుంది. అందుకే ఆర్గాన్ తిత్తుల తోలు ఎండి చిట్లిందని తెలిసినప్పుడు నేను ముందుగా ఆ హాలులోని తేమ లెక్కలు అడుగుతాను.

ఇంత గాలిని మనుషులు తిత్తులు తొక్కి సరఫరా చేయడం సాధ్యం కాదు కాబట్టి మొదటి నుంచీ ఆవిరి యంత్రమే పెట్టారు. పైన జనానికి గాలి పంపే ఏర్పాటుకూ, ఆర్గాన్ గాలి సరఫరాకూ ఆవిరి బాయిలర్లు ఉన్న ఆ కింది అంతస్తే ఆధారం. ఆర్గాన్ పీల్చుకునే గాలి ఏ ఉష్ణోగ్రతలో ఉండేదన్నది అక్కడే తేలిపోయేది.

గాలి వేడెక్కితే ధ్వని వేగం ప్రతి సెల్సియస్ డిగ్రీకీ సెకనుకు సుమారు 0.6 మీటర్లు పెరుగుతుంది. ఫ్లూ గొట్టాల శ్రుతి, అంటే అంచుకు గాలి తగిలి మోగే గొట్టాల శ్రుతి, దానితోపాటే పెరుగుతుంది. అర్ధస్వరాన్ని 100 సెంట్లుగా లెక్కిస్తే ఒక్కో డిగ్రీకి సుమారు 3 సెంట్లు. ఉదయం చల్లగా ఉన్న హాలు సాయంత్రం జనంతో, దీపాలతో 10 డిగ్రీలు వేడెక్కితే శ్రుతి దాదాపు 30 సెంట్లు పైకి పోతుంది. ఇందులో అసలు ఇబ్బంది ఏమిటంటే, లోహపు నాలుక కంపనం వల్ల మోగే రీడ్ గొట్టాల శ్రుతి అంతగా కదలదు. దానివల్ల ఒకే వాద్యంలోని రెండు కుటుంబాలు విడిపోతాయి. ఏసీ మరీ చల్లబరిచిన మన ఆడిటోరియంలలో వేణువు శ్రుతి దిగిపోయి, హార్మోనియంతోనో ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెతోనో కలవక విద్వాంసులు కచేరీ మధ్యలో ఇబ్బందిపడటం నేను చూశాను. అక్కడ కళాకారుడు పెదవి సర్దుకుని కొంత నెట్టుకొస్తాడు. 7,737 గొట్టాలకు ఆ వెసులుబాటు ఉండదు. శ్రుతి చేసేవాడు వచ్చినప్పుడు హాలు ఏ ఉష్ణోగ్రతలో ఉందో, కచేరీ రోజున కూడా అదే ఉష్ణోగ్రత ఉండాలి. ఆర్గాన్ ఉన్న హాలుకు ఏసీ డిజైన్ చేసేవారికి ఇంతకన్నా ముఖ్యమైన షరతు నాకు కనిపించదు.

1867 నుంచి 1898 వరకు

బెస్ట్ 1855 నుంచి 1894 వరకు నగర ఆర్గనిస్టుగా పనిచేశాడు. పెద్ద వాద్యబృందాల కచేరీలు అరుదుగా వినే నగర ప్రజలకు, వాద్యబృందాల కోసం రాసిన సంగీతాన్ని ఆర్గాన్ మీదికి తెచ్చి వినిపించడం అతడి ప్రత్యేకత. ఆ సంగీతం అన్ని శ్రుతుల్లోకీ స్వేచ్ఛగా మారుతుంది కాబట్టి అసమ విభజన అతడికి అడుగడుగునా అడ్డుపడింది. అతడి చిరకాలపు కోరిక 1867లో నెరవేరింది. ఆర్గాన్‌ను సమవిభజన శ్రుతికి మార్చారు. అదే పనిలో సోలో విభాగంలోని నాలుగు రీడ్ స్టాపుల ఒత్తిడిని 9½ అంగుళాల నుంచి 22 అంగుళాలకు పెంచారు. ఈ పెరిగిన అవసరం కోసం 1871లో రెండో ఆవిరి యంత్రం వచ్చింది.

పరిరక్షణ సిద్ధాంతం ప్రకారం చూస్తే ఇవి తొలి రూపాన్ని చెరిపేసిన మార్పులు. ఒత్తిడి రెట్టింపుకు మించితే రీడ్ల నాలుకలను, వాటి వంపును మళ్లీ సవరించాలి. ఆ పాత నాదం ఇక తిరిగి రాదు. అయినా ఈ మార్పును నేను తప్పుపట్టను. ప్రజల డబ్బుతో, ప్రజల కోసం పెట్టిన వాద్యాన్ని వారం వారం వాయించే మనిషి, పన్నెండేళ్ల అనుభవంతో, తయారీదారుడి మొదటి అభిప్రాయానికి అనుగుణంగా కోరిన మార్పు అది. చేసినది కూడా దాన్ని కట్టిన సంస్థే. మార్పుకు కారణమూ, దాని పరిమాణమూ, దానికి తగ్గ గాలి సరఫరా ఏర్పాటూ మూడూ నమోదై ఉన్నాయి. పాత కట్టడంలో మార్పును నేను తూచేది ఈ మూడింటితోనే. ఆ బెస్ట్‌నే 1871లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో విల్లిస్ కట్టిన 111 స్టాపుల ఆర్గాన్ ప్రారంభానికీ, 1890లో సిడ్నీ టౌన్ హాల్‌లో హిల్ సంస్థ ఆర్గాన్ ప్రారంభానికీ పిలిచారు. లివర్‌పూల్‌లో నేర్చిన పాఠం అలా ఇతర సభామందిరాలకూ చేరింది.

1898 నాటి మార్పు సంగతి వేరు. బెస్ట్ వారసుడిగా 1897లో ఆల్బర్ట్ లిస్టర్ పీస్ వచ్చాడు. మరుసటి ఏడాది బార్కర్ మీటలు, వాటి కడ్డీల స్థానంలో పూర్తిగా గాలితో నడిచే యంత్రాంగం పెట్టారు. కీబోర్డులను ఇప్పటి ప్రామాణిక పద్ధతిలో సి నుంచి సి వరకు 61 మెట్లకు మార్చారు. పైన మూడు స్వరాలు కలిశాయి, కింద ఐదు తొలగాయి. దాంతో చేతి కీబోర్డుల ప్రతి వరుసలోనూ అన్నిటికన్నా పెద్దవైన ఐదు గొట్టాలు పనిలేనివయ్యాయి. ఎక్కడికి వెళ్లినా ఒకే రకం కీబోర్డు ఉండాలన్న ఆర్గనిస్టుల అవసరం న్యాయమైనదే. కాని వెస్లీ కోరిన ఆ కింది స్వరాలు ఈ ఆర్గాన్ పుట్టుకకు గుర్తు. వాటిని వాడకంలో ఉంచేందుకు ఇంకో దారి వెతికి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

విద్యుత్తు, బాంబులు, మరమ్మతు

1924లో ఆవిరి యంత్రాల స్థానంలో విద్యుత్ బ్లోయర్లు వచ్చాయి. ఈ ఆర్గాన్ చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన జోక్యం ఇదే. శక్తి వచ్చే మూలం మాత్రమే మారింది. గొట్టానికి చేరే గాలి, దాని ఒత్తిడి, దానితో పుట్టే నాదం ముట్టుకోకుండా ఉన్నాయి. బాయిలరు, మసి, ఆవిరి తేమ అన్నీ ఆర్గాన్ పొరుగు నుంచి తొలగిపోయాయి. 1931లో వ్యవస్థాపకుడి మనవడు మూడో హెన్రీ విల్లిస్ స్టాపులను 120కి పెంచి, స్టాపులను ముందే అమర్చుకునే ఏర్పాటులోనూ, కీబోర్డుల యంత్రాంగంలో కొంత భాగంలోనూ విద్యుత్తును ప్రవేశపెట్టాడు. తాత కట్టిన దాని స్వభావం తెలిసిన చేతుల్లో ఆ పని పడటం ఆ వాద్యం అదృష్టం.

1940 డిసెంబరు 21న లివర్‌పూల్‌పై జరిగిన వైమానిక దాడుల్లో పైకప్పు దెబ్బతిని, ఆర్గాన్ వానకూ చలికీ బయటపడింది. యుద్ధం ముగిశాక కూడా దాని పునరుద్ధరణ వాయిదా పడుతూ వచ్చి 1954లో మొదలై 1957లో పూర్తయింది. తోలు, చెక్క, జిగురు కలిసిన యంత్రానికి పద్నాలుగేళ్ల తేమ, ఎండు ఎంత నష్టం చేస్తాయో తడిసిన డక్టు ఇన్సులేషన్‌నైనా విప్పి చూసినవారికి వేరే చెప్పక్కర్లేదు. చెక్క ఉబ్బినప్పుడు స్టాపులకు గాలిని వదిలే, ఆపే జారుడు పలకలు బిగుసుకుపోతాయి. మళ్లీ ఎండినప్పుడు పగుళ్లు తెరుచుకుని, గాలి పక్క గొట్టంలోకి చొరబడి, నొక్కని స్వరం సన్నగా మూలుగుతుంది. ఆ పునరుద్ధరణను కూడా మూడో విల్లిస్‌కే అప్పగించారు. ఒకే కుటుంబం ఒక వాద్యాన్ని వంద ఏళ్లకు పైగా చూసుకోవడం వల్ల పాత నిర్ణయాల జ్ఞాపకం తెగిపోలేదు. ఈ కేసులో సాంకేతికతకన్నా కూడా అరుదైన వనరు అదే. ఇప్పుడు ఇది బ్రిటన్‌లో రాయల్ ఆల్బర్ట్ హాల్, లివర్‌పూల్ కెథీడ్రల్ ఆర్గాన్ల తరువాత మూడో అతి పెద్ద ఆర్గాన్. కెథీడ్రల్‌లోనిది కూడా మూడో విల్లిస్ పనే.

ఇటువంటి భవనం పని నా బల్ల మీదికి వస్తే నేను ఏమి అడుగుతానో చెప్పి ముగిస్తాను. కచేరీకి ఒక గంట ముందు ఏసీ లేదా హీటింగ్ ఆన్ చేసే అలవాటు ఉందా అన్నది మొదటి ప్రశ్న. ఉంటే దాన్ని మాన్పించి, తక్కువ తేడాతో రోజంతా నడిచే పద్ధతికి మార్చమంటాను. థర్మోస్టాట్‌ను ప్రేక్షకుల ఎత్తులో మాత్రమే కాకుండా ఆర్గాన్ గాలిపెట్టెల ఎత్తులోనూ, వాటికన్నా పైనా పెట్టమంటాను. 82 అడుగుల ఎత్తున్న హాలులో ఈ మూడు చోట్లా ఒకే అంకె రావడం అరుదు. బ్లోయరు గాలిని ఎక్కడి నుంచి తీసుకుంటోందో చూస్తాను. నేలమాళిగలోని చల్లగాలిని పీల్చి పైన వెచ్చని హాలులోని గొట్టాలకు పంపితే, వాయించడం మొదలైన కొద్దిసేపటికే శ్రుతి కదులుతుంది కాబట్టి, బ్లోయరు హాలులోని గాలినే పీల్చేలా చేయిస్తాను. సరఫరా గాలి గ్రిల్లు ఏదీ గొట్టాల వైపు తిరిగి ఉండకూడదు. తేమను ఏడాది పొడవునా నమోదు చేయించి, ఆ రికార్డును శ్రుతి చేసేవారి డైరీతో తేదీల వారీగా కలిపి చూస్తాను. ఈ వివరాలన్నీ చేతికి వచ్చేవరకు ఆ హాలు డక్టుల్లో ఒక్క డాంపరును కూడా కదపను.